పేదల చట్టము నీడలో అమెరికా వృద్ధాప్యము

అమెరికా సంయుక్తరాష్ట్రములలో తమంతట తాము లేవలేక, స్నానభోజనాదులకు పరుల సాయము కోరుచు, నర్సింగ్ హోములలో కాలము గడుపుచున్న ముదుసలులు పదిమంది యున్నచో, వారిలో ఆఱుగురి వ్యయమును భరించుచున్నది మెడికెయిడ్ అను ప్రభుత్వ పథకము. మన పట్టణములలో వైద్యులు నడపు చిన్న ఆసుపత్రులవంటివి కావు ఈ హోములు; మూలపడిన వృద్ధులను నెలలు, ఏండ్లు కనిపెట్టియుండు నివాసములు. విచారింపగా ఇందొక వింత గోచరించును. మెడికెయిడ్ వృద్ధులకొఱకు పుట్టినది కాదు, పేదలకొఱకు పుట్టినది. వృద్ధులకొఱకే పుట్టిన మెడికేర్ అను వేఱొక పథకము ఆసుపత్రి ఖర్చును, వైద్యుని రుసుమును చెల్లించునే కాని, ఏండ్లతరబడి సాగు పరిచర్యకు ధనమీయదు. కావున జీవితమంతయు ఉపాధ్యాయుడుగానో, కర్మాగారమున పనివాడుగానో, దుకాణదారుగానో గౌరవముగ బ్రదికి, ఇల్లు కట్టుకొని, నాలుగు కాసులు వెనుకవేసికొన్న మనుష్యుడు పక్షవాతముచేతనో మతిమఱపు వ్యాధిచేతనో మంచము పట్టినచో, కూడబెట్టినదెల్ల నెలనెల ఆ గృహమునకు ధారపోసి, తాను పేదయని రుజువు చేసికొన్న పిమ్మటగాని ప్రభుత్వ సాహాయ్యమునకు అర్హుడు కాడు. సంపన్నదేశములలో అగ్రగణ్యమైన రాజ్యమున ముసలితనము దారిద్ర్యద్వారముననే ఆశ్రయము వెదకికొనవలసి వచ్చుట ఎట్లు సంభవించెనో తెలిసికొనవలెనన్న, నాలుగువందల యేండ్లు వెనుకకు, అట్లాంటిక్ సముద్రపు ఆవలిగట్టునకు పోవలసియున్నది.

1601వ సంవత్సరమున, ఎలిజబెత్తు రాణి పరిపాలనము తుదిదినములలో, ఇంగ్లండు పార్లమెంటు పేదలనుగుఱించి యొక చట్టము చేసెను. క్రైస్తవ మఠములు రద్దయి, వాని దానధర్మములు నిలిచిపోయి, ఉమ్మడి బీళ్లు కంచెలలో చిక్కి, నిరాధారులు ఊరూర తిరుగుచున్న కాలమది. ప్రతి పారిష్, అనగా ఒక చర్చి పరిధిలోని జనసముదాయము, తనయందలి అశక్తులను పోషింపవలెననియు, అందులకై గృహస్థులపై పన్ను వేయవలెననియు ఆ చట్టము విధించెను. కాని అంతకు ముందొక మెట్టు పెట్టెను. ముసలివారిని, అంధులను, అంగవికలులను మొట్టమొదట వారి తల్లిదండ్రులు, తాతలు, అవ్వలు, బిడ్డలు పోషింపవలెను. వారికి శక్తి లేదని తేలిన పిదపనే పారిష్ కర్తవ్యము మొదలగును. నిరుపేదయైనగాని సాహాయ్యము లేదనునది ఒక సూత్రము. బిడ్డలకు శక్తియున్నంతవఱకు ప్రజాధనము వెలికిరాదనునది రెండవ సూత్రము. ఈ రెండును వలసవచ్చినవారితో గూడ ఓడలెక్కి అమెరికా తీరమున దిగినవి. మొదటిది నేటికిని చెక్కుచెదరలేదు. రెండవది 1965లో విఱిగినది.

న్యూ ఇంగ్లండు గ్రామములు తమ సొంతవారిని పోషించుటకు వెనుదీయలేదు గాని, సొంతవారెవరను విషయమున మిక్కిలి పట్టుదల చూపినవి. క్రొత్తగా వచ్చిన వితంతువునో వృద్ధునో ముందుముందు తామే పోషింపవలసి వచ్చునేమో యను శంక కలిగినచో, ఊరు విడిచిపొమ్మని అధికారి తాఖీదు అందజేయు ఆచారముండెను. ఊరివాడే యని తేలిన ముదుసలికి మఱియొక గతి పట్టుచుండెను. ఏటేట జరుగు గ్రామసభలో, ఒక్కొక్కప్పుడు పానశాలలోనే, పేదవారిని వేలము వేయుచుండిరి. ఇది హెచ్చుపాట కాదు, తగ్గుపాట. ఆ ముసలివానిని ఏడాదిపాటు ఇంట బెట్టుకొని తిండి, బట్ట యిచ్చుటకు ఎవరు అందఱికంటె తక్కువ సొమ్ము అడిగిరో వారికి వానిని అప్పగించి, ఆ సొమ్ము గ్రామనిధినుండి చెల్లించుచుండిరి. చేతికి వచ్చునది స్వల్పము. అందులో కొంత మిగుల్చుకొనవలెనన్న కోరిక సహజము. కావున ఆ వృద్ధుని పళ్లెములో అన్నమెంతయో, మంచుకాలమున వాని గదిలో నిప్పెంతయో ఊహింపవచ్చును. ప్రజాధనముపై ఒకడు మఱియొకనిని సాకుటకు గుత్తకు పుచ్చుకొని, వ్యయము తగ్గించినకొలది లాభము పొందు పద్ధతి ఇచ్చటనే మొలకెత్తెనని నేను తలంచుచున్నాను.

నగరములు పెరిగినకొలది ఈ వేలములు చాలవయ్యెను. బోస్టను పదునేడవ శతాబ్దమునందే, ఫిలడెల్ఫియా, న్యూయార్కు నగరములు 1730 తరువాతి యేండ్లలోను ఆమ్స్‌హౌసులు అను బీదల శరణాలయములను నిర్మించినవి. 1736లో న్యూయార్కు శరణాలయమున రోగులకై ఆఱు పడకలతో నేర్పఱచిన గదియే కాలక్రమమున బెల్వ్యూ ఆసుపత్రియై జగత్ప్రసిద్ధి గాంచెను. 1821లో మసాచుసెట్స్ రాష్ట్రమున జోసయా క్విన్సీ యును, 1824లో న్యూయార్కు రాష్ట్రమున జాన్ యేట్స్ అను అధికారియు పేదల పోషణమును విచారించి నివేదికలు వ్రాసిరి. వేలముపాట క్రూరమనియు, ఇండ్లకు సొమ్మును వంటచెఱకును పంపుట సోమరితనమును పెంచుననియు, అందఱిని ఒక్కచోట చేర్చి పనిచేయించుచు పోషించుటయే చవుకయనియు, నీతిదాయకమనియు వారు తీర్మానించిరి. ఆ 1824లోనే న్యూయార్కు శాసనసభ కౌంటీకొక పేదల గృహము నెలకొల్పవలెనని చట్టము చేసెను. తక్కిన రాష్ట్రములు దానిని అనుసరించినవి. పశ్చిమమునకు పోయినకొలది అవి పొలములు గలిగిన పూర్‌ఫారములైనవి. కాళ్లుచేతులు ఆడినంతవఱకు అచ్చటి పేదలు గోధుమలు పండించి, పశువులను మేపవలసినదే.

తొలుత ఆ కప్పుక్రింద అందఱును కలిసియే యుండిరి: అనాథశిశువులు, ఉన్మాదులు, త్రాగుబోతులు, పెండ్లికాని తల్లులు, గ్రుడ్డివారు, ముసలివారు. పందొమ్మిదవ శతాబ్దపు సంస్కర్తలు ఆ దృశ్యమునకు కలత చెంది, ఒక్కొక్క వర్గమును వెలికి దీసిరి. శిశువులకు అనాథాశ్రమములు, ఉన్మాదులకు రాష్ట్రప్రభుత్వపు ఆసుపత్రులు, అంధులకు, బధిరులకు పాఠశాలలు ఏర్పడినవి. ముసలివారిని మాత్రము ఎవరును వెలికి దీయలేదు. వారిని చక్కదిద్దుటకు గాని, వారికి విద్య నేర్పి పనికి పంపుటకు గాని వీలులేదు గదా! అందఱును వెడలిపోయిన పిమ్మట ఆ గృహములు తమకు తెలియకయే వృద్ధాశ్రమములైనవి. 1923 గణనమునాటికి వానియందున్న సుమారు 78 వేలమందిలో సగమునకు మించి అఱువదియైదేండ్లు దాటినవారే. శ్రామికుడైన ప్రతి అమెరికను మనస్సునందును ఆ గృహభయము గూడు కట్టుకొనియుండెను. అందు చేరినవానికి కొన్ని రాష్ట్రములలో వోటుహక్కు పోవును. మరణించినచో గుఱుతులేని సమాధి దక్కును. బిడ్డలందఱు తలుపులు మూయగా పూర్‌హౌసుకు నడచిపోవు వృద్ధమాతనుగూర్చి విల్ కార్లెటన్ 1870 ప్రాంతమున వ్రాసిన పద్యము ఇంటింట చదువబడుటకు కారణమిదియే. కొంత గౌరవము గల వితంతువులకై ధర్మసంస్థలు వేఱుగా ఇండ్లు తెఱచినవి. ఫిలడెల్ఫియాలో అట్టి సంఘమొకటి 1817లోనే వెలసినది. కాని అట్టి యిండ్లకు సత్ప్రవర్తనమునకు సాక్ష్యపత్రము కావలెను, ప్రవేశరుసుము కావలెను, మిగిలిన ఆస్తిని గృహమునకు వ్రాసి యీయవలెను. ఉన్నదంతయు ఒప్పజెప్పి లోనికి పోవు ఆచారమునకు ఇదియొక ప్రాచీనరూపము.

1929 తరువాతి ఆర్థికసంక్షోభమున బ్యాంకులు కూలి, జీవితాంతము కూర్చుకొన్న సొమ్ము హరించిపోయినప్పుడు, ముసలివారి దైన్యము రాజకీయశక్తిగా మాఱెను. కాలిఫోర్నియాలో ఫ్రాన్సిస్ టౌన్‌సెండు అను వైద్యుడు అఱువదేండ్లు నిండిన ప్రతివానికి నెలకు 200 డాలర్లు ఈయవలెనని ఉద్యమము నడపగా లక్షలమంది అతని వెంట నడచిరి. 1935 ఆగస్టు 14వ తేదీన రూజ్వెల్టు అధ్యక్షుడు సాంఘిక భద్రతాచట్టముపై సంతకము చేసెను. అందలి వృద్ధాప్యపింఛను ప్రసిద్ధము. కాని మన కథకు ముఖ్యమైనది దాని మొదటి ప్రకరణము. పేదవృద్ధులకు రాష్ట్రములు ఇచ్చు నెలసరి భృతిలో, ముప్పది డాలర్ల వఱకు సగము కేంద్రము భరించునని అది చెప్పెను. దానియందే యొక చిన్న నిషేధము కలదు: ప్రభుత్వశరణాలయమున నివసించువానికి ఈ భృతి చెల్లదు. చట్టకర్తల ఉద్దేశము పుణ్యమైనదే. పూర్‌హౌసును దేశమునుండి తుడిచివేయవలెనని, ముదుసలి తన యింటనో బంధువుల యింటనో సొంత డబ్బుతో గౌరవముగ బ్రదుకవలెనని వారు కోరిరి. అయితే పూర్‌హౌసులందున్నవారిలో అనేకులు ఇల్లు లేకపోవుటచేతనే గాక, లేవలేని రోగులగుటచేత గూడ అచ్చట నుండిరి. వారికి ఇల్లు చాలదు, మనుష్యులు కావలెను. ప్రభుత్వగృహమున నున్నచో భృతి రాదు. కావున భృతి చేతబట్టుకొని వారు ప్రయివేటు గృహములకు పోయిరి. పెద్దయింట నొంటిగా మిగిలిన గృహిణులు, ఉద్యోగము లేని నర్సులు ముందరిగదులలో నాలుగు మంచములు వేసి వారిని చేర్చుకొనిరి. కొన్నిచోట్ల కౌంటీవారు పూర్‌హౌసునే ప్రయివేటువారికి అప్పగించి, పేరు మార్చిరి. లోపలి మంచములును, వానిపైనున్న మనుష్యులును మాఱలేదు. అమెరికాలో నర్సింగ్ హోము వ్యాపారము ఇట్లు ఒక సదుద్దేశపు నిషేధవాక్యమునుండి పెరిగినది. చట్టము మూసిన ద్వారము ప్రక్కననే మఱియొక ద్వారము తెఱచుకొనునని, అది ఎచ్చటికి దారితీయునో ముందుగనే చూడవలెనని, ఈ ఒక్క ఘట్టము శాసనకర్తలందఱికిని నేర్పదగియున్నది.

1950లో ఆ సాంఘిక భద్రతాచట్టమును సవరించి, వైద్యసేవ చేసినవారికి ప్రభుత్వమే నేరుగా సొమ్ము చెల్లించుటకు వీలు కల్పించిరి. రాష్ట్రములు అట్టి గృహములకు ప్రమాణములు విధింపవలెననియు చెప్పిరి. 1954లో ఆసుపత్రుల నిర్మాణమునకుద్దేశించిన హిల్-బర్టన్ నిధులు లాభాపేక్ష లేని నర్సింగ్ హోములకును అందినవి. లాభాపేక్ష గలవారికి ప్రభుత్వపు పూచీతో ఋణములు 1950ల తుదిభాగమున లభించినవి. అప్పటినుండి ఇంటి ముందరిగది పోయి, ఆసుపత్రివలె పొడవైన నడవాలు, వరుసమంచములు గల కట్టడములు వచ్చినవి. ప్రమాణములు కాగితముపై నుండెను. 1957 ఫిబ్రవరిలో మిస్సోరీ రాష్ట్రపు వారెంటన్ గ్రామమున వృద్ధగృహమొకటి తగులబడి 72 మంది మరణించిరి. 1963 నవంబరు 23 తెల్లవారుజామున ఒహాయోలోని ఫిచ్‌విల్ గ్రామమున మఱియొక గృహము కాలి 63 మంది వృద్ధులు అసువులు బాసిరి. ముందునాడే కెన్నెడీ అధ్యక్షుడు హతుడగుటచే దేశమంతయు ఆ శోకమున మునిగియుండెను. ఈ అఱువదిముగ్గురి మరణము పత్రికలలో మూలకు పోయెను.

వృద్ధుల వైద్యమునకు జాతీయబీమా కావలెనను పోరాటము 1960 నాటికి ఉద్ధృతమయ్యెను. దానిని వారించుటకై ఓక్లహోమా సెనెటరు రాబర్ట్ కెర్, ఆర్కన్సా ప్రతినిధి విల్బర్ మిల్స్ కలిసి పేదవృద్ధులకు మాత్రము రాష్ట్రములద్వారా వైద్యసాయము చేయు చట్టమును తెచ్చిరి. అందొక క్రొత్త భావము చోటుచేసికొనెను. నిత్యజీవనమునకు పేద కాకున్నను, వైద్యవ్యయమునెదుట పేదయగు మనుష్యుడు సైతము సాహాయ్యమునకు అర్హుడు. మధ్యతరగతివారు తరువాతికాలమున మెడికెయిడ్ లోనికి ప్రవేశించిన ద్వారములలో ఇదియొకటి. రాష్ట్రములన్నియు ఆ చట్టమును చేపట్టలేదు. చేపట్టినవానిలో కొన్ని, బిడ్డల ఆదాయమును సైతము విచారించుచుండుటచే, కొడుకు ఉద్యోగమునకు, కూతురి సంసారమునకు చిక్కు తెచ్చుటకన్న రోగముతో నుండుటయే మేలని అనేకులు దరఖాస్తు చేయుట మానిరి. పదునేడవ శతాబ్దపు పారిష్ నియమము ఇరువదవ శతాబ్దపు వృద్ధుని ఇట్లు వెనుకకు ద్రోసెను.

అయిదేండ్లకు రాజకీయవాతావరణము మాఱెను. 1965లో మిల్స్ అప్పటివఱకు పరస్పరవిరుద్ధములుగ నున్న మూడు ప్రతిపాదనలను ఒక్క చట్టముగ సంధించెను: ఆసుపత్రి బీమా, వైద్యులరుసుమునకు ఐచ్ఛికబీమా, పేదలకు కెర్-మిల్స్ పథకపు విస్తృతరూపము. మొదటి రెండును మెడికేర్, మూడవది మెడికెయిడ్. జూలై 30న జాన్సన్ అధ్యక్షుడు మిస్సోరీలోని ఇండిపెండెన్స్ పట్టణమునకు పోయి, ఎనుబదియొక్క యేండ్ల మాజీ అధ్యక్షుడు ట్రూమన్ సమక్షమున దానిపై సంతకము చేసి, మొదటి మెడికేర్ పత్రమును ఆ వృద్ధునకే సమర్పించెను. ఆనాటి చర్చలన్నియు మెడికేర్ చుట్టునే తిరిగినవి. మెడికెయిడ్ ఆ ఉత్సాహపు నీడలో, అంతగా ఎవరును పరీక్షింపకయే, శాసనమయ్యెను. మెడికేర్ నర్సింగ్ హోములలో ఆసుపత్రి చికిత్స పిమ్మట కోలుకొనుటకు మాత్రము, నూఱు దినములు మించకుండ, చోటిచ్చెను. అందును మొదటి ఇరువది దినములు గడచినపిమ్మట రోగి తన వంతు చెల్లింపవలెను. నూటయొకటవ దినమున ఏమగునన్న ప్రశ్నకు సమాధానము మెడికెయిడ్ వాక్యములలో దాగియుండెను. నర్సింగ్ హోము సేవ ప్రతి రాష్ట్రమును వయోజనులకు విధిగా ఈయవలసిన వానిలో చేరెను. ఇంటికి పోయి స్నానము చేయించుట, అన్నము పెట్టుట, లేవనెత్తి కూర్చుండబెట్టుట వంటి పరిచర్య రాష్ట్రముల యిష్టమునకు వదలబడెను. ధనము ఎటు ప్రవహించునో మనుష్యులు అటే పోవుదురు. తమ మంచముపై తాము మరణింపగోరిన లక్షలాది వృద్ధులు తదుపరి కాలమున హోములకు తరలుటకు ఈ భేదమే ముఖ్యకారణము.

అయినను ఆ చట్టము చేసిన మహోపకారమొకటి కలదు. దానిని చరిత్రకారులు తగినంత కొనియాడలేదని నా తలంపు. దరఖాస్తుదారునికి ఎవరు బాధ్యులని విచారించుటలో భార్యాభర్తలను, చిన్నబిడ్డల తలిదండ్రులను దప్ప ఇతరులను లెక్కింపరాదని అది శాసించెను. అనగా ముదుసలి తల్లి పోషణమునకై ఎదిగిన కుమారుని ఆదాయమును అడుగరాదు. ఎలిజబెత్తు రాణినాటి రెండవ సూత్రము మున్నూటయఱువదినాలుగేండ్లకు మెడికెయిడ్ విషయమున అంతరించెను. దీనిచే పుత్రధర్మము క్షీణించెనని వాపోయినవారు లేకపోలేదు. కాని బిడ్డలు ప్రేమతో చేయు సేవ ఆగలేదు. నేటికిని అమెరికాలో వృద్ధుల పరిచర్యలో అధికభాగము కూతుండ్రు, కోడండ్రు, భార్యలు జీతము లేక చేయుచున్నదే. ఆగినది నిర్బంధము మాత్రమే. పాత చట్టము కొన్ని రాష్ట్రముల గ్రంథములలో ఇంకను మిగిలియే యున్నది. 2012లో పెన్సిల్వేనియా న్యాయస్థానమొకటి, తల్లి మెడికెయిడ్ దరఖాస్తు తేలకముందే, ఆమె హోముకు బాకీపడిన సుమారు 93 వేల డాలర్లకు కుమారుని బాధ్యుని చేసి దేశమును ఉలికిపాటునకు గుఱిచేసెను.

మొదటి సూత్రము మాత్రము దినదినము సూక్ష్మమగుచు వచ్చెను. పేదయనగా నెంత పేద? పెక్కు రాష్ట్రములలో ఒంటరి వృద్ధుడు రెండువేల డాలర్లకు మించి దాచుకొనరాదు. ఆ హద్దు 1989 నుండి మాఱలేదు. హోమునందున్నవాడు తన పింఛనునంతను హోముకే చెల్లించి, సొంత ఖర్చులకు కొంత మాత్రము ఉంచుకొనవలెను. ఆ కొంతకు కేంద్రచట్టము విధించిన కనిష్ఠము నెలకు ముప్పది డాలర్లు. రాష్ట్రములు తలచినచో పెంచవచ్చును గాని, కేంద్రపు అంకె 1988 నుండి అట్లే యున్నది. క్షౌరమునకు, బట్టలకు, మనుమరాలి పుట్టినదినమునకు బహుమానమునకు అదియే ఆధారము. జీవితమంతయు తన సంపాదనముతో సంసారము నడపిన మనుష్యునికి ఇంతకుమించిన అవమానము వేఱొకటి యుండునా? చట్టములోని అంకెలు ఎవరి జీవితముపై పడుచున్నవో చట్టకర్తలు మఱచిపోవుటకు ఈ ముప్పది డాలర్లు సాక్ష్యము.

పూర్వము ఇంతకంటెను దారుణముగ నుండినది ఇంట మిగిలిన భార్య దుస్థితి. భర్త పేరున వచ్చు పింఛను భర్తది. అతడు హోమున చేరినచో అది హోముకే పోవును. ఏబదియేండ్లు కాపురము చేసిన యిల్లాలు వంటచెఱకునకు, వెచ్చములకు దేవురించుచు మిగులును. విడాకులు పుచ్చుకొనుటయే మార్గమని న్యాయవాదులు వృద్ధదంపతులకు సలహా యిచ్చిన దినములవి. 1988 జూలై 1న రేగన్ అధ్యక్షుడు సంతకము చేసిన ఒక చట్టము దీనిని కొంతవఱకు సరిదిద్దెను. ఇంట నున్న జీవితభాగస్వామికి కనిష్ఠాదాయమును, అఱువదివేల డాలర్ల గరిష్ఠపరిమితికి లోబడి ఆస్తిలో భాగమును ఉంచవలెనని విధించెను. ఆ చట్టమందలి మెడికేర్ భాగమునకు సంపన్నవృద్ధులపై అదనపు పన్ను వేయుటచే దేశమంతట ఆగ్రహము చెలరేగి, మఱుసటియేడు దానిని చాలవఱకు రద్దుచేసిరి. భార్యలకు రక్షణమిచ్చిన భాగము మాత్రము నిలిచెను. ఆ పరిమితి ఏటేట ధరలతోపాటు పెరిగి, 2025 నాటికి లక్షయేబదియేడువేల డాలర్లు దాటినది.

పేదయగుట తప్పనిసరియైనచోట, పేదగా కనబడుటకు ఉపాయములు పుట్టుట సహజమే. ఇల్లు కుమారుని పేర వ్రాసి, సొమ్ము కుమార్తె కిచ్చి దరఖాస్తు పెట్టువారిని నివారించుటకై ప్రభుత్వము వెనుకటి లెక్కలు అడుగనారంభించెను. ఆ విచారణకాలము 1993 నాటికి మూడేండ్లయ్యెను. 2006 ఫిబ్రవరిలో చట్టమైన సవరణముతో అయిదేండ్లయ్యెను. అయిదేండ్లలో చేసిన దానములకు తగినన్ని నెలలు సాహాయ్యము నిలుపబడును. ఎదుటి సంవత్సరములలో రోగము వచ్చునని యెఱుగక మనుమని చదువునకు సొమ్మిచ్చిన తాతయు ఈ వలలో చిక్కును. 1996లో అట్టి బదలాయింపును క్రిమినల్ నేరముగ సైతము చేసిరి. అవ్వను చెఱసాలకు పంపు చట్టమని జనులు ఈసడింపగా, మఱుసటియేడు శిక్షను అవ్వనుండి ఆమె సలహాదారుపైకి మరల్చిరి. అదియు రాజ్యాంగమునకు నిలువదని ప్రభుత్వమే దానిని అమలుపఱచలేదు. 1993 చట్టమే మఱియొక విధియు చేసినది: మెడికెయిడ్ పొందిన వృద్ధుడు మరణించిన పిమ్మట అతని ఆస్తినుండి, అనగా ముఖ్యముగ ఇంటినుండి, పెట్టిన ఖర్చును రాష్ట్రము రాబట్టవలెను. భార్య జీవించియున్నంతవఱకు ఆగుదురు. సంపన్నులకు న్యాయవాదులు, ట్రస్టులు గలవు. ఈ విధికి చిక్కునవి సామాన్యముగ కూలివాడు కట్టుకొన్న చిన్నయిండ్లే.

హోముల లోపలి స్థితినిగూర్చి కొంత చెప్పవలెను. 1970 తరువాత యూటా సెనెటరు ఫ్రాంక్ మాస్ నాయకత్వమున సెనేటు ఉపసంఘము జరిపిన విచారణలు, న్యూయార్కులో 1975లో ప్రత్యేక ప్రాసిక్యూటరును నియమింపజేసిన కుంభకోణములు, మెడికెయిడ్ ధనము ఎట్లు లాభముగ మాఱెనో, మంచములపై వ్రణములతో మనుష్యులు ఎట్లు పడియుండిరో లోకమునకు చూపినవి. 1986లో వైద్యవిజ్ఞానసంస్థ యొకటి సమర్పించిన నివేదికను అనుసరించి 1987 డిసెంబరులో సంస్కరణచట్టము వచ్చెను. వృద్ధులను కుర్చీలకు, మంచములకు కట్టివేయుట దానివలన మిక్కిలి తగ్గెను. పరిచారికలకు కనీసము 75 గంటల శిక్షణము, ప్రతి నివాసికిని హక్కులు ఏర్పడినవి. అది నిజమైన మేలు.

హోములనుండి ఇంటివైపు దారి సాన్‌ఫ్రాన్సిస్కోలోని చైనావారి పేటనుండి మొదలయ్యెను. తమ పెద్దలు భాష తెలియని హోములలో, రుచింపని భోజనముతో కృశించుట చూడలేక, అచ్చటివారు 1971లో ఆన్ లాక్ అను సంస్థను స్థాపించిరి. పగలు వైద్యము, భోజనము, సంభాషణము. రాత్రి ఎవరి యింట వారు. ఆ పద్ధతియే పేస్ అను పేరున 1997లో దేశవ్యాప్తమైన శాశ్వతపథకముగ అంగీకరింపబడెను. ఈలోగా 1981లో, నర్సింగ్ హోమున ఖర్చు చేయు ధనమును ఇంటి పరిచర్యకు వాడుకొనుటకు రాష్ట్రములకు కేంద్రము సడలింపు ఈయగా, ఆరెగన్ రాష్ట్రము అన్నిటికంటె ముందు దానిని పొందెను. 1999లో సుప్రీముకోర్టు ఓమ్‌స్టెడ్ తీర్పున, తగినవారిని సమాజమధ్యమున ఉంచగలిగియుండియు నిష్కారణముగ సంస్థలలో బంధించుట వివక్షయని చెప్పెను. దీర్ఘకాలసేవలపై మెడికెయిడ్ పెట్టు ధనములో సగమునకు మించి సంస్థలకు గాక ఇండ్లకు చేరుట మొదటిసారిగ 2013లో జరిగెను. కాని సడలింపు సడలింపే, హక్కు కాదు. రాష్ట్రము ఇన్ని స్థానములని పరిమితి పెట్టవచ్చును. లక్షలాదిమంది ఆ స్థానములకై జాబితాలలో వేచియున్నారు.

పేదరికపు పరీక్ష లేని బీమాను నెలకొల్పు ప్రయత్నమొకటి 2010లో క్లాస్ అను పేరున శాసనమై, ఆచరణమునకు రాకమునుపే 2013 జనవరిలో రద్దయ్యెను. వాషింగ్టన్ రాష్ట్రమొక్కటి 2019లో చట్టము చేసి, 2023 జూలై నుండి జీతములలో నూటికి 0.58 వంతు చొప్పున వసూలుచేయుచు, ఒక్కొక్కరికి జీవితమున 36,500 డాలర్ల వఱకు ఇచ్చుటకు పూనుకొన్నది. హోమున ఏడాదికైనను చాలని మొత్తమది. అయినను ముందు పేదవగుమని అడుగని మొదటి ప్రభుత్వనిధి యగుటచే నాకు దానియందు గౌరవము కలదు.

ఈ చరిత్రకు తెలుగువారికి గల సంబంధము 1965లోనే మొదలయ్యెను. మెడికెయిడ్ చట్టమైన రెండునెలలకు, అక్టోబరు 3న, అదే జాన్సన్ అధ్యక్షుడు స్వేచ్ఛాప్రతిమ పాదమున వలసచట్టముపై సంతకము చేయగా, గుంటూరు, విశాఖపట్టణము, హైదరాబాదు వైద్యకళాశాలల పట్టభద్రులకు ఆ దేశము తలుపులు తెఱచెను. వారు పౌరులై తలిదండ్రులను రప్పించుకొనిరి. 1996 ఆగస్టులో క్లింటన్ సంతకము చేసిన చట్టము, క్రొత్తగా గ్రీన్‌కార్డు పొందినవారికి అయిదేండ్లు మెడికెయిడ్ లేదనెను. అంతటితో ఆగలేదు. తల్లిని రప్పించు కుమారుడు ఆమె పోషణమునకు న్యాయబద్ధమైన హామీపత్రము వ్రాసి యీయవలెను; ఆమె పౌరురాలగువఱకో, పదియేండ్ల ఉద్యోగము లెక్కకు వచ్చువఱకో అతని ఆదాయమును ఆమె ఆదాయముగనే గణింపవచ్చును; ఆమె పొందిన సాహాయ్యమును ప్రభుత్వము అతనినుండి రాబట్టుటకును అధికారము కలదు. స్వదేశీయుల బిడ్డల భుజములనుండి 1965లో దింపిన భారమును, వలసవచ్చినవారి బిడ్డల భుజములపై 1996లో మరల ఎత్తిరి. కావుననే అఱువదియైదేండ్లు దాటిన మన అవ్వలు మనుమల ప్రక్కన గూర్చుండి ఆంగ్లమున పౌరపరీక్షకు చదువుచుందురు.

అట్లు అర్హత సంపాదించినవారికి న్యూ జెర్సీలోని ఎడిసన్ ప్రాంతమువంటి చోట్ల భారతీయవృద్ధులకై పగటి సంరక్షణకేంద్రములు వెలసినవి. ఉదయము వాహనము ఇంటికి వచ్చును. నర్సు రక్తపోటు చూచును. మధ్యాహ్నము శాకాహారభోజనము పెట్టుదురు. తమ భాష మాటలాడువారితో ఆ పూట గడచును. సాయంకాలము మరల కొడుకు ఇంటికి చేరుదురు. వ్యయములో అధికభాగము మెడికెయిడ్ దే. కాని 1965 నాటి భేదము ఇచ్చటికిని వెన్నంటి వచ్చినది. పగటి సంరక్షణము రాష్ట్రము ఇష్టపడి ఇచ్చునది, నర్సింగ్ హోము విధిగా ఈయవలసినది; ధనము కొఱవడిన యేట రాష్ట్రము చట్టప్రకారము ఎత్తివేయగలిగినది ఆ అవ్వ కోరి పోవు కేంద్రమునే గాని, ఆమె పోనొల్లని హోమును గాదు.